తెర మీద అరచెయ్యి

మేరీ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున చర్చిలో నీకోసం ప్రార్థన పెట్టించారట. నేను వెళ్లలేదు. పదో తరగతికి లెక్కల పీరియడ్ ఉంది. నువ్వు చెప్పిన పిల్లలకు ఇప్పుడు నేనే చెబుతున్నాను.

మన గుండుగొలను బడికి కంప్యూటర్లు వచ్చాయి. వాటిలో ఓపెన్ సోర్స్ లెక్కల సాఫ్ట్‌వేర్ ఒకటి వేశాను. పైసా కట్టక్కర్లేదు. x, yలతో ఏ లెక్క ఇచ్చినా కారణాంకాలుగా విడగొట్టి చూపిస్తుంది. నువ్వున్నన్నాళ్లూ పిల్లలు నీ క్లాసుకే ఎగబడేవాళ్లు, నాకు కడుపు మండిపోయేది. ఇదొక్కటైనా నీకు తెలియనిది, నేను తెచ్చింది. ఆ గర్వంతోనే మొదటి లెక్క టైప్ చేయించాను.

రెప్పపాటులో జవాబొచ్చింది. కొల్లేటి లంక నుంచి వచ్చే దుర్గ మాత్రం తెర మీది ప్రశ్నను అరచేత్తో మూసేసి, ఆ కారణాంకాలను నోట్సులో గుణించి, చెయ్యి తీసి సరిచూసుకుంది.

"కంప్యూటరు తప్పు చెయ్యదమ్మా," అన్నాను.

"అయినా చూసుకోవాలి కదండీ. మేరీ టీచర్ గారు ఇలాగే చెయ్యమనేవారండీ."

మిగతా పిల్లలు కూడా చేతులు పెట్టారు. తెరల నిండా వేలిముద్రలే. నాకెంత ఒళ్లు మండిందో నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

బడి వదిలాక తెరలన్నీ తుడిచి, కాస్త కష్టమైన లెక్కొకటి నేనే ఇచ్చి చూశాను. జవాబొచ్చింది. నన్ను అడక్కుండానే నా చెయ్యి వెళ్లి ప్రశ్నను మూసింది.

సుజాత