మూడు గంటలకొకసారి

చెల్లెలు కమలానికి అక్క రాసేది.

మీ బావను నేనే కట్టెతో కొడ్తిని. తల పగిలి ఆస్పత్రిలో ఉండాడు. జారిపడినాడని చెప్పినాను. తెలివొస్తే పోలీసులొస్తారు.

మారియమ్మ మొక్కుకు కాపుదారం కట్టిన ఇంట్లో ఉచ్చ తీసే గొట్టం ఉంటే తీట్టు, మైల అని, నేను అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోయినప్పుడు దాన్ని పొయ్యిలో ఏసినాడు. ఉచ్చ రాకూడదని బిడ్డ మారిసెల్వికి నీళ్లూ ఇయ్యలేదు. ఆపరేషన్లో పేగుముక్కతో కుట్టిన ఉచ్చసంచి నిండినా బిడ్డకు తెలీదు, గొట్టంతో తియ్యకుంటే పగులుతుందని డాక్టరమ్మ ఆయన ముందరే చెప్పింది.

నేనొచ్చేసరికి పొట్ట కుండ మాదిరి ఉండె. దాచిన ఇంకో గొట్టంతో తీస్తే రక్తం వచ్చె. బిడ్డ పండుకున్నాక కట్టె ఎత్తుకుంటిని.

నువ్వు తొందరగా కోవిల్‌పట్టికి రా. గొట్టం పెట్టేది నేర్పిస్తా. మూడు గంటలకొకసారి, సోపుతో కడుక్కొని పెట్టాలి. చెయ్యి వణకకూడదు కమలం. మీ బావను కొట్టేటప్పుడు కూడా నాది వణకలేదు.