వదినగారి గోడ

ప్రియమైన వదినగారికి,

ఇక్కడ నేను, నా వయొలిన్, నా మోకాళ్ళ నొప్పి ముగ్గురం క్షేమం. మీరూ మీ సిమెంటు బస్తాలూ క్షేమమని తలుస్తాను.

ముందు చెడ్డ వార్త చెప్పేస్తాను. ఈ ఇంటివాళ్ళు కూడా నన్ను ఖాళీ చేయించారు. ఇది మూడో ఇల్లు. పై అంతస్తావిడ మెట్ల మీద ఆపి, "టీచరమ్మా, మీరంటే మాకు గౌరవమే. కానీ ఆ పిల్లలు వాయిస్తుంటే పిల్లి తోక తలుపు సందులో పడ్డట్టుంటుందండీ" అంది. కోపం రాలేదు. మొదటి ఏడాది ఎవరు వాయించినా అలాగే ఉంటుంది మరి. ప్రస్తుతం టైర్ల దుకాణం వెనక గదిలో పాఠాలు చెబుతున్నాను. రబ్బరు వాసనకి సగం మంది పిల్లలు మానేశారు.

అందుకే మీరు కడుతున్న వరస ఇళ్ళలో నేను తీసుకున్న ఇంటి మీదే నా ప్రాణాలన్నీ ఉన్నాయి. అలాంటిది మొన్న నా కోడలు, అదే మీ అమ్మాయి, మాటల్లో ఒక సంగతి బయటపెట్టింది. ఆ ఇళ్ళు ఇటుకతో కాదట, స్టీలుతోనట! పల్చటి రేకును మడిచి చట్రాలు చేసి, వాటికి బోర్డులు బిగిస్తారట! వదినగారూ, పక్కింటికీ నాకూ మధ్య ఉండేది ఒక్క గోడే. నన్ను రేకు డబ్బాలో కూర్చోబెట్టి వయొలిన్లు మోగిస్తే పక్కింటాయన గతేమిటో ఆలోచించారా? పిల్లనిచ్చిన వియ్యపురాలు ఏం పెట్టినా కాదనకూడదంటారు కానీ, రేకు డబ్బా పెడతారని నేనెక్కడా వినలేదు.

ఫోను మాత్రం చేయకండి. ఫోనులో మీరు నాతో ఒక మాట, మేస్త్రితో నాలుగు మాటలు మాట్లాడతారు. ఉత్తరమైతే మొత్తం నాతోనే మాట్లాడాలి.

జవాబు కోసం కాచుకుని ఉన్న
మీ వియ్యపురాలు


వదినగారూ,

రేకు డబ్బా అన్నారు కదా, రెండు రోజులు అలిగి, మూడో రోజు రాస్తున్నాను.

ఈ నేల సంగతి మీకు తెలియదు. ఇక్కడ ఒకప్పుడు ఇటుక బట్టీలుండేవి. మట్టి తవ్వుకుపోయిన గుంటల్ని పూడ్చి చదును చేశారు. దీని మీద ఇటుక గోడల బరువు పెడితే నాలుగేళ్ళలో ఒక మూల కుంగుతుంది, గోడ నెర్రెలిస్తుంది. నా జీవితమంతా ఇటుకే కట్టాను కాబట్టి నాకు తెలుసు. అందుకే ఈసారి తేలికైన చట్రం. కార్ఖానాలో కొలత ప్రకారం కోసి, స్క్రూలు బిగించి, గోడంత చట్రాన్ని లారీలో పంపుతారు. నలుగురు పట్టుకుని లేపితే గోడ నిలబడుతుంది. మొదటి చట్రం లేచినప్పుడు మా మేస్త్రి దాని చుట్టూ తిరిగి, "అమ్మా, ఇంత సులువుగా అయిపోతే మేం పని చేసినట్టు ఎవరు నమ్ముతారు?" అన్నాడు.

ఇక మీ గోడ. అది ఒక్క గోడ కాదు, రెండు. మీ చట్రం మీది, పక్కింటి చట్రం పక్కింటిది. మధ్యలో జానెడు ఖాళీ. ఒకే ఇంట్లో ఉంటూ మాట్లాడుకోని తోడికోడళ్ళలాగా, పక్కపక్కనే ఉంటాయి కానీ ఒకదాన్నొకటి తాకవు. లోపల రాతిని కరిగించి తీసిన ఊలు కూరుతాం. రెండు వైపులా జిప్సం బోర్డులు, పొర మీద పొర. ఇటు మాట అటు దాటదు.

ఇప్పుడు మీకు నచ్చని సంగతి. మీ పక్కిల్లు తీసుకున్నది ఒక రిటైరైన రైలు డ్రైవరు. ఒంటరి మనిషి. పక్కన వయొలిన్ బడి పెడుతున్నారని తెలిసి, మిగతా కొన్నవాళ్ళందర్నీ వెంటబెట్టుకుని సైటుకి వచ్చాడు.

"జన్మంతా ఇంజను హోరులో బతికానమ్మా. కాస్త నిశ్శబ్దం కోసం ఈ ఇల్లు తీసుకున్నాను. ఇక్కడా మోతేనా?" అన్నాడు.

ఆయన గొంతులో దబాయింపు లేదు. అలసట ఉంది. అందుకే నా నోట్లోంచి మాట జారింది. ఇళ్ళు అప్పగించే ముందు అందరూ ఆయన ఇంట్లో కూర్చుంటారు, మీరూ పిల్లలూ మీ ఇంట్లో వాయిస్తారు. వినిపిస్తే అక్కడ బడి ఉండదు. వినిపించకపోతే ఇంకెవరూ నోరెత్తరు. సరేనన్నారు.

ఇంక నన్ను తిట్టుకోవచ్చు.

మీ వదిన


అమ్మా మహాతల్లీ,

నా బడిని పందెంలో పెట్టేముందు నన్నొక మాట అడగాలని తోచలేదా? ఉత్తరం చదివి నీళ్ళు తాగి, మళ్ళీ చదివాను.

తర్వాత ఆ డ్రైవరుగారి గురించి ఆలోచించాను. ఆయన అడిగింది అన్యాయమేమీ కాదు. ఆయనకి నిశ్శబ్దం కావాలి, నాకు శబ్దం కావాలి. ఇద్దరికీ మధ్య నిలబడాల్సింది మీ తోడికోడళ్ళు. వాళ్ళ మీద నాకు నమ్మకం లేదు. మీ మీద ఉంది. వస్తాను.

పిల్లలకి చెప్పాను. ఒకమ్మాయి, "టీచర్, వినిపించకుండా వాయించాలా?" అని అడిగింది. "కాదు, గట్టిగా వాయించాలి" అన్నాను. ఇన్నాళ్ళకి గట్టిగా వాయించమన్నందుకు దాని మొహం వెలిగిపోయింది.

కోపం సగం తగ్గిన
మీ వియ్యపురాలు


వదినగారూ,

దాచను. గోడ పరీక్ష తప్పింది.

ఊలు కూరి, బోర్డులన్నీ బిగించాక నాకు ఆత్రం ఆగలేదు. మీ ఇంట్లో మేస్త్రిని రేడియో పెద్దగా పెట్టమని, నేను డ్రైవరుగారింట్లో నిలబడ్డాను. వార్తలు చదువుతున్నాయన దగ్గితే తెలిసింది. మాటలు కూడా పోల్చుకోగలిగాను.

తలుపుల అంచులు చూశాం. స్విచ్చి డబ్బాల చుట్టూ చూశాం. పైన, కింద సందులన్నీ మూశాం. ఏమీ మారలేదు. వరసలో మిగతా గోడలు బాగానే ఉన్నాయి. మీ గోడ ఒక్కటే ఎందుకిలా చేస్తోందో తెలియడం లేదు. ఇళ్ళు కొన్నవాళ్ళేమో వచ్చే ఆదివారమే వినడానికి వస్తామన్నారు.

మేస్త్రి మూడు రోజులుగా ఆ గోడ చుట్టూనే తిరుగుతున్నాడు. నాకు అన్నం సయించడం లేదు.

మీ వదిన


వదినగారికి,

మీరు బాధపడకండి. మీ చేతనైనంతా చేశారు.

ఆ ఇల్లు వేరే ఎవరికైనా ఇచ్చేయండి. శబ్దం చేయని మంచి కుటుంబం ఎవరైనా దొరుకుతుంది. నేను ఇంక పాఠాలు మానేస్తాను. టైర్ల దుకాణమాయనకి కూడా గది కావాలట. చెప్పలేక చెప్పలేక చెప్పాడు, పాపం. ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగుతాను? పిల్లలకి రేపు చెబుతాను.

ఒక్క కోరిక. డ్రైవరుగారికి మీరే చెప్పండి, ఆయన మీద నాకు కోపం లేదని.

మీ
వియ్యపురాలు


వదినగారూ,

మీ ఇల్లు ఎవరికీ ఇవ్వను. పిల్లలకి ఏమీ చెప్పకండి. ఈ ఉత్తరం తెచ్చిన మా సైటు వ్యానులోనే ఎక్కి రండి. మీ పెద్ద శిష్యురాలినీ వెంటబెట్టుకు రండి. వయొలిన్ తెచ్చుకోండి. అంతకంటే ముఖ్యంగా మీ చెవులు తెచ్చుకోండి. మా కళ్ళతో అయ్యేది కాదని తేలిపోయింది.

మీ వదిన


ప్రియాతిప్రియమైన వదినగారికి,

క్షేమంగా చేరాను. దారంతా నవ్వుకుంటూనే ఉన్నాను. నా శిష్యురాలు నాకేదో అయిందనుకుంది.

మీ దగ్గర చెప్పలేకపోయిన మాట ఒకటుంది. ఆ మొదటి కన్నం సంగతి. నేను గోడకి చెవి ఆనించి "ఇక్కడే" అనగానే మేస్త్రి మారుమాట్లాడకుండా బోర్డు కోసేశాడు. లోపల ఊలు తప్ప ఇంకేమీ లేదు. మీరు నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఈ చెవులతోనే కదా ఇన్నేళ్ళు అన్నం తిన్నాను, ఇవీ పోయాయా అనుకున్నాను. మీరు గనక అప్పుడు, "వదినగారూ, రేడియో కట్టేద్దాం. మాటలైతే గోడంతా పరుచుకుంటాయి. ఒక్క స్వరం పట్టుకుంటే?" అనకపోయుంటే, అక్కణ్ణుంచే వ్యానెక్కేదాన్ని.

నా శిష్యురాలు అటువైపు మంద్రతీగ మీద ఒకే స్వరం సాగదీస్తుంటే, నేను గోడ పొడవునా వేళ్ళు ఆనించుకుంటూ మెట్లెక్కాను. మలుపు దగ్గర చెవికంటే ముందు వేళ్ళకి తెలిసింది. బోర్డు సన్నగా వణుకుతోంది, పిల్లి గురగురలాడినట్టు. నేను "ఇక్కడ" అన్నాను కానీ, ఈసారి గట్టిగా అనలేదు.

బోర్డు ఊడదీశాక మేస్త్రి మొహం చూశారు కదా! "అయ్యయ్యో, గాలిరోజు వేసిన కట్లమ్మా ఇవి!" అని నెత్తి కొట్టుకున్నాడు. చట్రాలు లేపిన రోజు గాలికి ఊగుతుంటే, రెంటినీ కలిపి స్టీలు పట్టీలు బిగించారట. తర్వాత అన్నీ విప్పారు, మెట్ల వెనకవి మాత్రం మరిచిపోయి బోర్డులు మూసేశారట. అప్పుడు మీరు, "దొరికాడు, తోడికోడళ్ళ మధ్య చాడీలు మోసేవాడు!" అన్నారు. పట్టీలన్నీ విప్పేసరికి ఆ స్వరం కత్తెర పెట్టినట్టు తెగిపోయింది. నా శిష్యురాలు వాయించడం ఆపేసిందనుకుని నేను కేకేశాను. అది ఆపలేదు.

ఆదివారం పిల్లలందరితో వస్తున్నాను. మానేసినవాళ్ళు కూడా వస్తామన్నారు.

మీ వియ్యపురాలు


వదినగారూ,

చీకటి పడేలోగా పిల్లల్ని ఇళ్ళకి చేర్చాలని మీరు హడావిడిగా వ్యానెక్కారు. కిటికీలోంచి "ఏమైంది?" అంటే నేను నవ్వుతూ రెండు చేతులూ ఎత్తి చూపించాను. గోడకి ఇటువైపు ఏం జరిగిందో మీకు తెలియాలి కదా, వినండి.

కుర్చీలు లేక అందరం బకెట్లు బోర్లించుకుని కూర్చున్నాం. డ్రైవరుగారు మధ్యలో, కళ్ళు మూసుకుని, సిగ్నలు కోసం ఆగిన బండిలాగా. ఎవరూ మాట్లాడటం లేదు. ఎంతసేపు చూసినా నిశ్శబ్దమే. వరసలో చివరి ఇంటావిడ విసుక్కుంది.

"ఇంకా మొదలుపెట్టరేంటండీ? పిల్లలు భయపడుతున్నారా ఏంటి?"

"శ్రుతి చేసుకుంటున్నారేమో" అన్నాను. నిజం చెప్పొద్దూ, నా గుండె నాకే వినిపిస్తోంది.

చివరికి డ్రైవరుగారే లేచి చూడటానికి వెళ్ళారు. తిరిగి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. మొహంలో రంగు మారింది.

"ఏమంటున్నారు? ఎప్పుడు మొదలుపెడతారట?" అని అడిగారు వీళ్ళు.

"మొదలుపెట్టడమేంటి? మూడో కీర్తనలో ఉన్నారు!"

ఎవరూ నమ్మలేదు. ఆయనకే నమ్మకం కుదరక మళ్ళీ వెళ్ళారు. మీ తలుపు తీసి, వేసి, వచ్చి ఇక్కడ విని, మళ్ళీ వెళ్ళి తీశారు. మీ గుమ్మంలో ఆయన మొహం మాటిమాటికీ కనబడి మాయమైతే మీరెంత హడలిపోయి ఉంటారో ఊహించుకోగలను. ఆయన ఫిర్యాదుకి రాలేదు వదినగారూ. తలుపు తీస్తే సంగీతం, మూస్తే నిశ్శబ్దం. చిన్నపిల్లాడిలా ఆడుకున్నారు!

ఆఖరికి గోడ మీద అరచెయ్యి ఆనించి, "గోడలకి చెవులుంటాయంటారు. దీనికి పుట్టు చెవుడు" అన్నారు. అందరూ ఘొల్లున నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. పక్కగదిలోకి వెళ్ళి, కండువాతో కళ్ళు తుడుచుకుని వచ్చాడు.

ఇంకో మాట. అవతలున్న ఖాళీ స్థలం వాళ్ళు అందులో రెండో వరస కూడా మమ్మల్నే కట్టమన్నారు. స్టీలుతోనే.

తాళంచెవి మేస్త్రి దగ్గరుంది. ఎప్పుడొస్తారు?

గెలిచిన గర్వంతో
మీ వదిన


ప్రియమైన వదినగారికి,

మీరు కొత్త చట్రాల కోసం కార్ఖానాకి వెళ్ళి కూర్చున్నారు. ఇక్కడ ఎన్ని జరుగుతున్నాయో మీకేం తెలుసు!

నేను ఇంట్లో దిగాను. పిల్లలు అందరూ తిరిగొచ్చారు, కొత్తవాళ్ళు కూడా చేరారు. మొదటి వారం నాకు అలవాటు చొప్పున ప్రతి పాటకీ గుమ్మం వైపు చూపు పోయేది, ఎవరైనా వస్తారేమోనని. ఎవరూ రాలేదు. తర్వాత ఒక సాయంత్రం తలుపు చప్పుడైంది. డ్రైవరుగారు! మొహం గంభీరంగా ఉంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"టీచరమ్మా, ఒక ఫిర్యాదు" అన్నారు.

"వినిపిస్తోందా అండీ?"

"వినిపించడం లేదు. అదే నా ఫిర్యాదు."

నాకు అర్థం కాలేదు. ఆయన చెప్పులు చూసుకుంటూ నెమ్మదిగా చెప్పారు. "ఆ రోజు మీ గుమ్మంలో నిలబడి ముక్కలు ముక్కలుగా విన్నాను. మిగతాది ఎలా ఉంటుందోనని అప్పట్నుంచీ మనసు పీకుతోంది. నిశ్శబ్దం బాగుందమ్మా, కాదనను. కానీ రోజంతా నిశ్శబ్దమంటే... మనిషికి కాస్త మనుషుల అలికిడి కావాలి. సాయంత్రం పూట ఆ వీధి తలుపు తీసి ఉంచుతారా?"

మూడిళ్ళు మారానా వదినగారూ, తలుపు వేసుకోమన్నవాళ్ళే తప్ప తీసి ఉంచమన్నవాళ్ళు ఒక్కరు లేరు. తలూపాను.

మర్నాడు తలుపు తీశాను. ఆయన మెట్ల మీద కూర్చున్నారు. కాసేపటికి చివరి ఇంటావిడ కుర్చీ తెచ్చుకుంది. ఇంకో నాలుగు రోజులకి వరసంతా బయటే ఉంది. చివరికి పిల్లల్నీ బయటికే తెచ్చి వీధిలో చాపలు పరిచాను. అంత గొప్ప గోడ కట్టించుకుని నేను వీధిలో పాఠం చెబుతున్నాను. ఇప్పుడు నన్నూ తిట్టుకోవచ్చు.

ఇక నిన్నటి సంగతి చెప్పకపోతే మేస్త్రే చెప్పేస్తాడు. నిన్న మీ వాళ్ళు రెండో వరస చట్రాలు లేపుతున్నారు. ఇటు నా పిల్లలు పాట ఎత్తుకున్నారు. స్క్రూలు బిగించే మోత ఒక్కొక్కటే ఆగింది. తలెత్తి చూస్తే, ఇంకా బోర్డులు వేయని ఆ చట్రం మీద మీ మనుషులంతా కాళ్ళు కిందికి వేలాడేసి వరసగా కూర్చుని వింటున్నారు. వెనక ఎర్రటి ఆకాశం. కింద మేస్త్రి వాళ్ళని కేకలేయడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, తనూ ఒక స్టీలు కట్ట మీద చతికిలబడ్డాడు.

పాట అయ్యేదాకా ఎవరూ కదల్లేదు. ఆ పూట ఇంక పని సాగలేదు.

వాళ్ళని ఏమీ అనకండి. పిల్లల్ని ఆపకుండా వాయించమన్నది నేనే.

మీ పక్కన ఎప్పుడూ ఉండే
మీ వియ్యపురాలు