ఆ గుమాస్తాను ఉంచండి

మేనేజర్ గారికి నమస్కారం.

నేను మీ బాయిలర్ ఫోర్‌మన్ భార్యను. ఆపద వస్తే ఏం చేయాలో నేర్పడానికి మొన్న మీరు ఫ్యాక్టరీలో ఆడించిన ఆటలో, ఇళ్లకు కబురు చెప్పే వంతు స్టోర్స్ గుమాస్తాకు వచ్చిందట. పక్క గదిలో భార్య వేషం కట్టిన ఉద్యోగికి చేయబోయి, పొరపాటున మా ఇంటికే ఫోన్ చేశాడు.

"అమ్మా, బాయిలర్ పేలింది. మీవారు లోపల ఉన్నారు. ఎలా ఉన్నారో ఇంకా తెలీదు. తెలీనిది నేను చెప్పను," అన్నాడు.

నేను ఫోన్ పట్టుకునే ఏడవడం మొదలుపెట్టాను. "ఏమైందే?" అని మా అత్తయ్య అరుస్తోంది.

"ముందు కూర్చోండమ్మా. నేను ఫోన్ పెట్టను," అన్నాడు. పెట్టలేదు కూడా. కాసేపటికి నా ఏడుపు నటన కాదని అతనికి అర్థమైంది. "అయ్యో, ఇది ఆటమ్మా! ఆయన క్షేమంగా ఉన్నారు!" అంటూ తనూ ఏడ్చేశాడు.

అతన్ని పనిలోంచి తీసేస్తున్నారని మావారు చెప్పారు. ఆయన కోపం ఇంకా చల్లారలేదు. ఫోన్ మోగితే నాకిప్పటికీ గుండె ఝల్లుమంటోంది. అయినా అడుగుతున్నాను, అతన్ని ఉంచండి. ఆ బాయిలర్ ఎంత పాతదో మీకూ తెలుసు. నిజంగా అలాంటి రోజే వస్తే, నాకు అతనే ఫోన్ చేయాలి.

ఇట్లు,
మీ ఫోర్‌మన్ ఇల్లాలు