శీనన్న పాటలోని వణుకు

మంగళవారం రాత్రి, అమీర్‌పేట రూము

శీనన్న చనిపోయి ఏడాదైంది. అతని గిటారు, నేను ఫోన్‌లో రికార్డు చేసిన, అతను కట్టిన సగం పాట మిగిలాయి. ఆ గిటారు సౌండ్‌లోని వణుకు కోసం నెలగా పంజాగుట్ట మ్యూజిక్ షాపులో గిటారు సౌండ్‌ను వణికించే రోటరీ స్పీకర్ పెడల్, వైబ్రేటో పెడల్ తిప్పుతూ చస్తున్నాను.

ఎప్పుడూ పాట ఆగగానే ఫోన్ ఆపేసేవాణ్ణి. ఇవాళ షాపు భాయ్ చివరిదాకా విన్నాడు. రికార్డింగ్ ఆఖర్న నా అరుపు: "ఫ్యాన్ బంద్ చెయ్యన్నా, సౌండ్ ఖరాబైతుంది!"

భాయ్ నవ్వాడు. "పెడల్ కాదురా పాగల్! టేబుల్ ఫ్యాన్ ముంగట వాయించిండు."

నా నోరు పడిపోను.

రూముకొచ్చి ఫ్యాన్ ముందు వాయించాను. అచ్చం అదే వణుకు. నేను అరిచిన చోటికి రాగానే వేళ్లు ఆగిపోయాయి. ఆ రోజు అన్న లేచి ఫ్యాన్ ఆపాడు, పాట మళ్లీ ఎత్తుకోలేదు. తర్వాత ఏం వాయించేవాడో...

ఫ్యాన్ ఆపబుద్ధి కావడం లేదు.