నలభై మూడు వ్యాసాల్లో లేని బాబాయి

మహారాజరాజశ్రీ బాబాయిగారి సముఖానికి, రెండుసార్లు వెనక్కి తిరిగొచ్చిన లిటరేచర్ రివ్యూ తాలూకు కర్త దణ్ణాలు.

ఫోనులో నేనెంత అరిచినా నీకు వినపడలేదు. పైగా "ఎవరో రాసింది చదివి మళ్ళీ రాయడానికి ఏడాదా? మా మిల్లులో అయితే గెంటేసేవాళ్ళురా!" అన్నావు. అందుకే ఈ ఉత్తరం.

రివ్యూ అంటే నేనూ అదే అనుకున్నాను. మిల్లు శబ్దం, కార్మికుల వినికిడి మీద నలభై మూడు వ్యాసాలు చదివి, ఒక్కోదానికి ఒక పేరా చొప్పున పేర్చాను. మా గైడు మేడం చూసి, "ఇది హాజరుపట్టీ నాయనా. వీళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోరా?" అన్నారు. సోమవారం మూడోసారి చూపించాలి. ఈసారీ కాదంటే నా పీహెచ్‌డీ సీటుకి నీళ్ళొదులుకోవడమే.

ఒళ్ళుమండి, కాగితాలన్నీ గదంతా పరిచి, ఎవరు ఎవరిని కాదన్నారో చూశాను. సగంమంది చెవులు పాడవుతాయంటారు. మిగతావాళ్ళు అంత ప్రమాదం లేదంటారు. కానీ అందరూ పరీక్షించింది ఆ రోజు పనిలో ఉన్నవాళ్ళనే! వినపడక మానేసినవాళ్ళని ఒక్క మహానుభావుడూ అడగలేదు. రివ్యూ అంటే ఇదీ అని అప్పుడు బుర్రకెక్కింది. అందరూ ఏం చెప్పారో చూస్తే, ఎవరూ అడగనిదేదో కనపడాలి.

వాళ్ళని తిట్టుకుంటూ ఉంటే నువ్వు గుర్తొచ్చావు. సూపర్‌వైజరుతో పౌరుషానికి పోయి మిల్లు మానేశావని పిన్ని చెబితే, తొమ్మిదేళ్ళుగా మేమంతా నమ్మేశాం. నిన్ను మేమూ అడగలేదు.

ఆదివారం వస్తాను. ఎందుకు మానేశావో నువ్వే చెప్పు. రివ్యూలో రాయడానికి కాదు, బాబాయ్. నాకు తెలియాలి.

ఇట్లు,
ఆలస్యంగా అడుగుతున్న నీ అన్నకొడుకు