క్యారమ్ బోర్డు పిల్లలకు, కుర్చీలు నాన్నలకు

అందరూ క్షేమమేనా? వీలునామా ఇలా మొదలుపెట్టకూడదని డాక్యుమెంట్ రైటరు అన్నాడు. నాకు ఇంకోలా మొదలుపెట్టడం రాదు.

నాయనా శ్రీనివాసరావూ, నీ బీపీ తగ్గిందా? గుడివాడలో షాపు తెరిచే తొందరలో మాత్ర మింగడం మానేస్తావు, కొడుకువి కాబట్టి నాకు తెలుసు. కోడలు హిమబిందు థైరాయిడ్ పరీక్ష చేయించుకుందా, ఇంకా రేపు రేపు అంటూనే ఉందా? మనవడు పవన్ దగ్గు పోయిందా? వాడికి ఫ్రిజ్ నీళ్లు ఇవ్వకండి. అమ్మాయి రత్నం నడుము ఎలా ఉంది? అవనిగడ్డ నుంచి బస్సులో వెనక సీటులో కూర్చుని రావద్దని ఎన్నిసార్లు చెప్పాను. అల్లుడు వెంకట్రామయ్యగారి మోకాళ్లు ఎలా ఉన్నాయో. రొయ్యల చెరువు గట్ల మీద నడిచి అరిగాయంటారు. బోర్డు ముందు మఠం వేసుకుని పొద్దస్తమానం కూర్చుంటే అరిగాయని నేనంటాను.

ఆఖరున మనవరాలు సుప్రియ. తల్లీ, వేళ్లకి కొత్త చర్మం పూర్తిగా వచ్చిందా? పెన్ను పట్టుకుంటే ఇంకా నొప్పిగా ఉందా? నా దిగులంతా ఆ వేళ్ల దగ్గరే ఉంది. ఈ కాగితం కూడా వాటి కోసమే రాస్తున్నాను.

కీర్తిశేషులు అట్లూరి శేషగిరిరావుగారి భార్యను, మచిలీపట్నం ఈడేపల్లి కాపురస్తురాలిని, ఐదో తరగతి దాకా చదివిన ఝాన్సీలక్ష్మి అనే నేను తెలివిలో ఉండి, ఎవరూ బలవంతపెట్టకుండా, సొంత చేత్తో రాసుకున్న వీలునామా ఇది. మతి స్థిమితంగా ఉందని డాక్టరు చీటీ ఇచ్చాడు. భయాలు ఎక్కువని కూడా అందులో రాశాడు. అది కొట్టేయమంటే కొట్టేయలేదు. గ్యాసు కట్టానా లేదా అని లేచి లేచి చూసుకునేదానికి మతి లేదని ఎవరంటారు? మతి లేనివాళ్లు ఒక్కసారి కూడా చూడరు.

1. ఈడేపల్లిలోని ఈ ఇల్లు, బంటుమిల్లి దగ్గరి పొలం, నా తదనంతరం నా కొడుకు శ్రీనివాసరావుకు, నా కూతురు రత్నానికి చెరిసగం చెందవలసినది. ఇంటి ముందుగది సంగతి వేరు, అది కింద రాస్తున్నాను. పొలాన్ని చెరువు తవ్వడానికి ఎవరికీ ఇవ్వకూడదు. అల్లుడుగారు ఈ ఒక్క వాక్యం రెండోసారి చదువుకోవలెను.

2. ముందుగదిలోని క్యారమ్ బోర్డు గురించి. దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పకుండా ఎవరికి రాసిచ్చినా అన్యాయమే అవుతుంది. శ్రీనివాసరావు ఉయ్యాలలో ఉండగా మావారు రిక్షాలో దాన్ని వేసుకొచ్చారు. ఏమిటండీ ఇది అంటే "పిల్లాడు ఆడుకోవడానికి" అన్నారు. పిల్లాడికి అప్పటికి మెడ నిలవలేదు. ఆ రోజు మొదలు ఈ ఇంట్లో పిల్లల కోసం వచ్చిన ప్రతి వస్తువూ అలాగే వచ్చింది. రత్నం కడుపులో ఉండి నాకు నొప్పులు మొదలైతే, "ఒక్క నిమిషం, రెడ్డు పడింది, ఫాలో కూడా వేసి లేస్తా" అన్నారు. రెడ్డు వెంట పడాల్సిన ఆ ఫాలో పిక్క పడలేదు. ఆ దిగులుతో ఆస్పత్రి వరండాలో కూర్చున్నారట. పుట్టింది ఆడపిల్ల అని నర్సు చెబితే "అయ్యో, మిస్సయింది" అన్నారట. ఏది మిస్సయిందో నేను ఇప్పటిదాకా అడగలేదు. పైకి వెళ్లాక అడుగుతాను.

ఈ గుణం రక్తంలో వస్తే కొడుక్కి వచ్చిందనుకోవచ్చు, కానీ బయటినుంచి వచ్చిన అల్లుడుగారికి కూడా వచ్చింది. సెలవులకి అందరూ వస్తే, పిల్లలకి నేర్పిస్తాం అని ఇద్దరూ బోర్డు ముందు కూర్చుంటారు. ఇలా వేలు పెట్టాలి, ఇలా గురి చూడాలి అని మొదటి దెబ్బ వాళ్లే కొడతారు, ఆఖరి దెబ్బ కూడా వాళ్లే కొడతారు. మధ్యలో పిల్లలు చెక్క అంచు మీద గడ్డం ఆనించుకుని, ఎప్పుడు మా వంతు అని చూస్తుంటారు. పవన్ అలాగే నిద్రపోతాడు. తాడిచెట్టంత మనిషి మావయ్యకి, తొమ్మిదేళ్ల మేనల్లుడి చేతిలోంచి స్ట్రైకర్ లాక్కోవడానికి "నీకు రాదురా, పాడుచేస్తావు" అనే మాట ఎక్కడ దొరికిందో. చెక్కముక్కని ఏం పాడుచేస్తాడండీ వాడు?

3. దసరా సెలవుల్లో జరిగింది రాస్తున్నాను. అందరికీ తెలిసిందే అయినా, రాతలో ఉండాలి. సుప్రియకి ఆట బాగా వచ్చు. ఎవరు నేర్పారంటే ఎవరూ నేర్పలేదు. పక్కింటి షంషాద్ టీచరుగారు వాళ్ల బడిలో పిల్లల్ని ఆడిస్తారు. సుప్రియ ఇక్కడ ఉన్నప్పుడల్లా అక్కడికి వెళ్లి ఆడేది. సెలవులయ్యాక ఇక్కడ బందరులోనే పిల్లల పోటీ ఉంది, ఈ పిల్ల పేరు కూడా ఇచ్చారు. ఆ పోటీ కోసం కాస్త ఆడుకుంటా అమ్మమ్మా అని పొద్దున్నే వచ్చి కూర్చుంది. నాన్నా, మావయ్యా వచ్చి అటూ ఇటూ కూర్చున్నారు. "ఒక్క ఆట, అంతే" అన్నారు. ఆ ఒక్క ఆట మధ్యాహ్నం భోజనాలు దాటిపోయింది.

పౌడరు అయిపోయింది. వసంతాలు ఆడినట్టు గుప్పెళ్లతో చల్లితే ఉంటుందా? అప్పుడు అల్లుడుగారికి ఒక ఆలోచన వచ్చింది. చెరువులో చల్లడానికి బందరులో కొన్న సున్నం బస్తా కారులో ఉంది. ఒక డబ్బాడు తెచ్చారు. "వద్దు నాన్నా, అది చెరువుది" అని పిల్ల మొత్తుకుంది. "తెల్లగా ఉంది, మెత్తగా ఉంది, ఇంకేం కావాలే?" అన్నారు. రొయ్యల నీటికి ఎంత సున్నం వెయ్యాలో ఊరందరికీ చెప్పే మనిషి, తన కూతురు కూర్చున్న చోట దాన్ని చల్లాడు. నా కొడుకు అయినా అడ్డు చెప్పాడా? "జారుతోంది బావా, బ్రహ్మాండం" అన్నాడు.

సుప్రియ అన్నం తిని చెయ్యి కడుక్కుని వచ్చింది, ఇప్పుడైనా తన వంతు వస్తుందేమోనని. ఆమెకి దక్కిన ఆట ఏమిటంటే, "కాస్త పొడి చల్లు తల్లీ" అన్నారు. తడి చెయ్యి డబ్బాలో పెట్టింది. కాల్చిన సున్నం, తడి తగిలితే ఊరుకుంటుందా? కేక పెట్టి చెయ్యి విదిలించింది. పిక్కలన్నీ చెల్లాచెదురయ్యాయి. ఆటో పిలిచింది హిమబిందు. ఆస్పత్రికి తీసుకెళ్లింది హిమబిందు, రత్నం. నేను దేవుడి ముందు దీపం పెట్టి కూర్చున్నాను. ముందుగదిలోంచి ఏమి వినపడిందో రాస్తున్నాను, సాక్షిగా రాస్తున్నాను. "రెడ్డు నాది బావా, ఫాలో ఒక్కటే మిగిలింది." "నీ మొహం, నీ చెయ్యి బోర్డుకి తగిలింది, రెడ్డు బయటికి రావాల్సిందే." తరవాత వచ్చారులెండి ఆస్పత్రికి, ఇద్దరూ రెండు వేరు వేరు ఆటోల్లో.

పోటీ రోజున పిల్ల వేళ్లకి కట్టు ఉంది. వాళ్ల నాన్న "వచ్చే ఏడాది ఉందిగా" అన్నారు. బావా బావమరుదులు మాత్రం ఆ రోజు నుంచి మాట్లాడుకోవడం లేదు. పిల్ల చెయ్యి కాలినందుకు అనుకునేరు! ఆట ఎవరు గెలిచేవారో తేలనందుకు. ఇద్దరి మీసాలూ నెరిశాయి.

4. సదరు క్యారమ్ బోర్డు, పిక్కలు, స్ట్రైకరుతో సహా నా మనవరాలు సుప్రియకు, నా మనవడు పవన్‌కు ఉమ్మడిగా చెందవలసినది. సున్నం తిన్న చోట మన ఈడేపల్లిలో రోల్డ్‌గోల్డ్ పని చేసే చాంద్ బాషా గారు మనిషిని పిలిపించి కొత్త చెక్క వేయించారు. వీలునామాలో రాసింది నేను పోయాకే చెల్లుతుందట. పోయేదాకా ఆగితే ఈ పిల్ల పెళ్లీడుకి వస్తుంది. కనుక బోర్డు వరకూ ఇది ఉత్తరం అనుకోండి, మిగతాదానికి వీలునామా అనుకోండి. ఈరోజు నుంచే బోర్డు వాళ్లది.

ఇవ్వడం అయితే ఇచ్చాను కానీ, తీసుకునే పిల్ల వద్దంటోంది. పెడనలో ఇంకో పోటీ ఉందని టీచరుగారు చెబితే సంతోషంతో ఫోను చేశాను. "నాకొద్దు అమ్మమ్మా, నాన్నని ఆడుకోనీ" అంది. కోపంగా అంటే బాగుండేది. మామూలుగా అంది, అన్నం చాలు అన్నట్టు. అప్పటినుంచి నాకు నిద్ర లేదు.

5. గదిని గుండ్రంగా చుట్టి వచ్చే రైలు బొమ్మ. పవన్ పుట్టినరోజుకి కొన్నది నేను, కాబట్టి రాసే హక్కు నాది. అది గుడివాడలో బీరువా మీద, అట్టపెట్టెతో సహా భద్రంగా ఉంది. వాడు ట్యూషన్‌కి వెళ్లాక వాళ్ల నాన్న దించి, నడిపి, తుడిచి మళ్లీ పైన పెడతాడు. హిమబిందు చెప్పింది. రైలు పవన్‌కే చెందుతుంది. దాన్ని అందుకోవడానికి నా వంటింటి ఎత్తుపీట కూడా వాడికే ఇస్తున్నాను. ఎక్కేటప్పుడు గోడ పట్టుకోవాలి నాన్నా, పడితే నేను తట్టుకోలేను.

6. సుప్రియ పేరు చెప్పి అల్లుడుగారు కొన్న డ్రోను మీద నాకు హక్కు లేదు. ఎవరికీ లేదు, అది చెరువు అడుగున ఉంది. రొయ్యలు ఆడుకుంటున్నాయేమో. వాటికైనా వాటి నాన్నలు వంతు ఇస్తే బాగుండు.

7. నా ముత్యాల గొలుసు రత్నానికి. మా అమ్మ గవ్వలు కూడా రత్నానికే. చిన్నప్పుడు నేనూ అదీ వసారాలో అష్టాచెమ్మా ఆడుకుంటుంటే, శ్రీనివాసరావు వచ్చి "నీకు లెక్క రాదు అమ్మా, జరుగు" అని నా చోట్లో కూర్చునేవాడు. నేను లేచి కూర తాలింపు పెట్టుకునేదాన్ని. అమ్మాయీ, గవ్వలు సుప్రియతో ఆడు. ఎవరు జరగమన్నా జరగకు.

8. నా గాజులు కోడలు హిమబిందుకి. ఒకసారి మగవాళ్లు ఫోను వస్తే బయటికి వెళ్లారు. చేతిలో పకోడీల పళ్లెం పట్టుకునే, ఈ పిల్ల ఎడమ చేత్తో ఒక్క దెబ్బ కొట్టి నల్లపిక్క కన్నంలో వేసింది. నన్ను చూసి సిగ్గుపడి "ఊరికే అత్తయ్యా" అని వంటింట్లోకి పరిగెత్తింది. పిక్క ఎటు పోయిందని ఆ ఇద్దరూ కన్నంలో చూడకుండా సాయంత్రం దాకా మంచాల కింద వెతికారు. నేను చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, గాజులతో పాటు ఆ ఖ్యాతి కూడా ఆమెకే చెందాలి.

9. శ్రీనివాసరావుకు, వెంకట్రామయ్యగారికి చెరొక ప్లాస్టిక్ కుర్చీ. పిల్లలు ఆడుతుంటే అందులో కూర్చోవాలి. పిల్లలు పిలిస్తేనే బోర్డు దగ్గరికి రావాలి. సలహా చెప్పకూడదు, "అబ్బా" అనకూడదు, ముందుకు వంగకూడదు. నాన్నలు ఆడకూడదని నేననను. ఆడే నాన్న ఉన్న ఇల్లు, కొట్టే నాన్న ఉన్న ఇంటికంటే మేలే. కాని పిల్లల పక్కన ఆడాలి, పిల్లల బదులు కాదు.

ఆడాలని అంత ఆశగా ఉంటే కుర్చీ చాలదేమోనని, అటక మీద ఇంకో బోర్డు కొని పెట్టాను, సీలు తీయలేదు. అది మీ ఇద్దరికీ ఉమ్మడి. పంచుకోవడానికి వీల్లేదు, ఒక్కడు పట్టుకుపోవడానికి వీల్లేదు. ఎనిమిదేళ్లు దాటినవాళ్లు ఆడవచ్చని పెట్టె మీద ఉంది. మీకు సరిపోతుందో లేదో చూసుకోండి.

10. ఈ వీలునామాను అమలు జరపవలసినది పక్కింటి షంషాద్ టీచరుగారు. మనవాళ్లు ఉండగా ఆమె ఎందుకని అడుగుతారు. మనవాళ్లు ఉన్నారు కాబట్టే. సదరు ముందుగది ఇంట్లో ఎవరి వాటాలో పడినా, సుప్రియా పవన్‌లు పెద్దవాళ్లయ్యేదాకా వాళ్ల ఆటకే ఉండాలి. బోర్డు లాక్కున్న నాన్న తరఫు పొలం వాటా, నేరుగా అతని బిడ్డకు తక్షణం చెందుతుంది. ఇది కోర్టులో చెల్లదని రైటరు నవ్వాడు. చెల్లుతుందో లేదో తెలుసుకోవడానికి కోర్టుకెక్కే నాన్న ఎవరో నేనూ చూస్తాను.

ముందుగది హద్దులు: తూర్పు వీధి గుమ్మం, పడమర వంటింటి తలుపు, ఉత్తరం కిటికీ గోడ, దక్షిణం నాన్నల కుర్చీలు.

2025 నవంబరు 12, బుధవారం, మచిలీపట్నం.
(సంతకం) అట్లూరి ఝాన్సీలక్ష్మి

సాక్షులు: షేక్ చాంద్ బాషా, రోల్డ్‌గోల్డ్ పని, ఈడేపల్లి. అంజి, పాల వ్యాపారం, ఈడేపల్లి.

సంతకాలయ్యాక ఒక మాట. సుప్రియకి మళ్లీ ఫోను చేసి బోర్డు నీ పేర రాశానని చెప్పాను. "నువ్వు ఎదురుగా కూర్చుంటే ఆడతా, ఇంకెవరు కూర్చున్నా ఆడను" అంది. నేను బోర్డుకి దుమ్ము తుడిచానే తప్ప స్ట్రైకరు పట్టుకున్నదాన్ని కాదు. నా వేలి కీళ్లు వంగవు, గోరు విరుగుతుందేమో, పిక్క ఎగిరి ఎవరి కంట్లోనైనా పడుతుందేమో. సరేనన్నాను. చిత్తుగా ఓడిపోతాను, పిల్లకి పెడన వెళ్లే ధైర్యం వస్తుంది. అబ్బాయీ, అల్లుడుగారూ, నాకు నేర్పడానికి మీరు కంగారుపడనక్కర్లేదు. సోమవారం రిజిస్ట్రారు ఆఫీసులో పని ఉంది కనుక ముందురోజే అందరూ వచ్చేయండి: నవంబరు ఇరవై మూడు, ఆదివారం, పొద్దున పది గంటలకి మా ఆట.