మదలీన్ పాస్‌పోర్టు

జగిత్యాల,
జులై 3

అవ్వకు నీ బిడ్డ అక్షిత దండాలు పెట్టి రాసేది,

హాస్టల్లో ఫోన్లు ఉండనివ్వరు కదా, అందుకే ఉత్తరం. కోరుట్లలో నీకు చదివిపెట్టేదీ రాసిపెట్టేదీ మన పోస్ట్‌మన్ విఠల్ కాకే కాబట్టి ఆయనకు కూడా దండాలు.

హైదరాబాద్ యూనివర్సిటీలో సినిమా చదువుకు, అంటే ఎం.ఏ.కు, నాకు సీటు వచ్చింది. మన ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేనే, కాబట్టి నీకు భయం ఉంటుందని తెలుసు. ఫారం ఇందులో పెట్టాను. దాని మీద తల్లి వేలిముద్ర కావాలి. ముప్పయ్యో తారీఖు లోపల అందకపోతే సీటు వేరేవాళ్ళకు పోతుంది. ఇంటికి వచ్చినప్పుడు ఈ చదువు మాట ఎత్తితే నువ్వు వద్దన్నావు. నేను కొట్లాడను. ఒక మనిషి సంగతి మాత్రం చెబుతాను, విను.

ఆమె పేరు మదలీన్. ఫ్రాన్స్ దేశపు సినిమా నటి. తండ్రి మన సిరిసిల్ల రాజేందర్ మామ లాగే మగ్గం పనివాడు. పదిహేడేళ్ళప్పుడు ఒక సినిమా కంపెనీ కాగితం మీద సంతకం పెట్టి, ఓడ ఎక్కి అమెరికా పోయింది. మూడేళ్ళు తిరిగేసరికి ఏ ఊళ్ళో చూసినా ఆమె బొమ్మలే. ఇల్లు దాటింది కాబట్టే అంత మనిషి అయింది. ఆలోచించు.

ఇట్లు,
నీ అక్షిత

తా.క.: విఠల్ కాకా, ఫారం సంగతి ఉన్న చోట కొంచెం గట్టిగా చదవండి.


కోరుట్ల,
జులై 8

బిడ్డ అక్షితకు అవ్వ గౌరవ్వ చెప్పి రాయించేది. ఈడ అందరం మంచిగున్నం. నువ్వు గూడ మంచిగున్నవనుకుంటున్నం.

నీ ఉత్తరం బీడీలు చుట్టే కాడ చదివిపిచ్చుకున్న. పదకొండు మంది ఆడోళ్ళం ఇన్నం. ఇన్నంక ఎవ్వలకు చెయ్యి ఆడలే. గా మదలీన్‌ను తోలిన ఏజెంటు ఎవడు? సంతకం పెట్టిన కాయితం ఏ భాషల ఉండె? పాసుపోర్టు ఎవ్వల కాడ ఉన్నది? నువ్వు కడుపుల ఉండంగ మీ బాపు గిట్లనే కాయితం ఏందో తెల్వక ఏలిముద్ర ఏసి మస్కట్ పోయిండు. పాసుపోర్టు కంపెనోడు గుంజుకున్నడు. నీ మొకం నీకు ఎనిమిదేండ్లప్పుడు సూసిండు. గందుకే అడుగుతున్న. నీ ఫారం ముచ్చట తర్వాత. ముందు గా పిల్ల సంగతి రాయి.

ఇట్లు,
మీ అవ్వ

తా.క.: ఇది విఠల్ రాసేది. ఫారం సంగతి గట్టిగనే చదివిన. నడుమల గీ ఫారమేంది, ముందుకు పో అని మీ అవ్వ పక్కన బీడీలు చుట్టే బాలవ్వ కసిరింది.


జగిత్యాల,
జులై 12

అవ్వకు దండాలు.

అడిగావు కాబట్టి అబద్ధం రాయను. కాగితం ఇంగ్లీషులో ఉంది, ఆమెకు వచ్చింది ఫ్రెంచి ఒక్కటే. కంపెనీవాళ్ళు ఆమె పేరు మార్చారు. ఏం తినాలో, జుట్టు ఏ రంగులో ఉండాలో వాళ్ళే చెప్పారు. తల్లికి జబ్బు చేస్తే, సినిమా సగంలో ఉందని ఇంటికి పంపలేదు.

కానీ అవ్వా, అసలు సంగతి అది కాదు. ఒక సినిమాలో ఆమె ఒక్క మాట లేకుండా, ఒంటరిగా కూర్చుని రొట్టె తింటుంది. అంతే. ఆమె తింటుంటే మనకు ఏడుపు వస్తుంది. అట్లాంటి నటి. ఆమె జీవితం మీద వచ్చిన పుస్తకం సగం వరకే చదివాను. మిగతాది చదివి రాస్తాను.

ఇట్లు,
నీ అక్షిత

తా.క.: ఫారం మీద బీడీ ఆకులు తడపడం లేదు కదా?


కోరుట్ల,
జులై 16

బిడ్డకు అవ్వ రాయించేది.

మేం అనుకున్నదే అయింది. పేరు మార్చిన్రంటె దొంగ పాసుపోర్టే. తల్లికి బాగలేకున్నా తోలలే అన్న కాడికి రాంగనె మీ బాపు బువ్వ ముంగటి నుంచి లేచిపోయిండు. మీ నాయినమ్మ పోయినప్పుడు ఆయనను గూడ తోలలే. మస్కట్ ముచ్చట ఎన్నడు ఎత్తని మనిషి, "గా పిల్లను ఇంటికి తేవాలె" అన్నడు.

సోమవారం జగిత్యాల కలెక్టరాఫీసుల ప్రజావాణి ఉంటది గద. పదకొండు మందిమి అస్తున్నం. ఆఫీసులు తిరిగిన మనిషని సిరిసిల్ల నుంచి రాజేందర్ మామను పిలిచిన. గల్ఫుల చిక్కినోళ్ళను తెప్పిచ్చినట్టె గా పిల్లను తెప్పియ్యాలని దరఖాస్తు ఇస్తం. ఆమె ఇల్లు చేరెదాక నీ ఫారం మీద ఏలి పెట్ట.

ఇట్లు,
మీ అవ్వ

తా.క.: దరఖాస్తు నేనే రాసిన. ఊరు: ఫ్రాన్స్. మండలం: తెల్వదు. చుట్టరికం అన్న కాడ "బిడ్డ వరుస" అని రాయమన్నది మీ అవ్వ. – విఠల్


జగిత్యాల,
జులై 18

అవ్వా, దండాల కన్నా ముందు ఇది విను. సోమవారం రావద్దు. మా ప్రిన్సిపల్ మేడం ప్రతి సోమవారం ఆ ఆఫీసుకే పోతారు. నా పరువు పోతుంది.

తప్పు నాదే. ఇది డెబ్బై ఏళ్ళ కిందటి సంగతి అని రాయడం మరిచాను. పుస్తకం ఇవ్వాళ పూర్తయింది. మదలీన్ ఆ కంపెనీ మీద కేసు వేసి గెలిచింది. సొంత పేరుతో ఇంటికి వచ్చింది. తర్వాత నలభై సినిమాలు చేసింది. డెబ్బై ఏళ్ళ వయసులో మగ్గం నేసే ముసలామెగా నటించి పెద్ద బహుమతి తీసుకుంది. తండ్రి చేతులు ఎట్లా ఆడేవో తన చేతులు అట్లే ఆడించిందట. ఎనభై నాలుగేళ్ళు బతికి, తన ఇంట్లో, తనవాళ్ళ మధ్య పోయింది. ఇప్పుడు మీరు ఎవరిని తెప్పిస్తారు?

ఇంక పన్నెండు రోజులే ఉన్నాయి. సీటు పోయినా నీ మీద కోపం ఉండదు. ఏడుపు మాత్రం ఉంటుంది.

నీ అక్షిత

తా.క.: విఠల్ కాకా, దీన్ని ముందు అవ్వకు చదవండి, బాలవ్వకు కాదు.


కోరుట్ల,
జులై 26

బిడ్డకు అవ్వ రాయించేది.

నీ ఉత్తరం మంగళవారం అచ్చింది. మేం సోమవారమే పోయినం. మీ ప్రిన్సిపల్ మేడమే నాకు కుర్చీ ఏయించింది. నీ పరువు ఏం పోలే.

దరఖాస్తు తీసుకున్న ఆఫీసరమ్మ సిన్న పిల్ల. నవ్వలే. ఫోన్ల సూసి, నువ్వు రాసిందే చెప్పింది. పదకొండు మందిమి ఆన్నే ఏడ్చినం. నేను ఒక్కటే అడిగిన. "ఆమెను వాపస్ ఎవ్వలు తెచ్చిన్రు మేడం?"

"ఎవ్వలు తేలేదమ్మా. ఇంగ్లీషు నేర్చుకొని, గా కాయితం తనే చదువుకున్నది. అండ్ల తప్పు తనే పట్టుకున్నది."

ఇంటికచ్చి మీ బాపుకు చెప్పిన. "నాకు సదువస్తె గా కాయితం మీద ఏలి పెట్టకపోదును. దాన్ని పోనియ్యి" అన్నడు.

ఫారం మీద ఏలి పెట్టిన. గని పోస్టుల ఎయ్యలే. నిన్న పదకొండు మందిమి విఠలన్నను తోలుకొని హైదరాబాద్ బస్సెక్కినం. యూనివర్సిటీ ఆఫీసు సారు ఫారం తీసుకొని, నీ అసలు సర్టిఫికెట్లు రెండేండ్లు ఆళ్ళ కాడ్నే ఉంటయన్నడు. పాసుపోర్టు గుంజుకున్నట్టె గద. ఫారం వాపస్ గుంజుకున్న. విఠలన్నతోని ఆన్నే ఒక కాయితం రాయించిన. బిడ్డ ఎప్పుడడిగితె అప్పుడు సర్టిఫికెట్లు ఇయ్యాలె, ఇంట్ల ఎవ్వలకన్న బాగలేకుంటె ఆ దినమే తోలాలె అని. సారు నవ్విండు. మేం నవ్వలే. చాటలు ముంగటేసుకొని గా గదిలనే బీడీలు చుట్టుకుంట కూసున్నం. పొద్దుగూకక ముందే సారు సంతకం పెట్టిండు, ముద్ర గూడ కొట్టిండు. గప్పుడు ఫారం ఇచ్చిన.

ఇన్నేండ్లు కంపెనోళ్ళ కాయితాల మీద మనోళ్ళే ఏలిముద్రలు ఏసిన్రు బిడ్డా. గీ తాప మన కాయితం మీద ఆళ్ళు సంతకం పెట్టిన్రు. నీ సీటు పక్కా అయింది. బట్టలు సదురుకో.

ఇట్లు,
మీ అవ్వ

తా.క.: మూడో షరతు నేను వద్దన్నా బాలవ్వ రాయించింది. నెలకొక సినిమా మనిషి కథ నువ్వు ఉత్తరంల రాసి పంపాలె, లేకుంటె సీటు రద్దు. దాని కింద గూడ సారు సంతకం ఉన్నది. ఆగస్టుది ఎప్పుడస్తదని పొద్దటి సంది అడుగుతున్నరు. – విఠల్